ఏడు కేజీల షమ్ల

ఆ బుధవారం పొద్దున ఇయ్యాత్తుమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. నమాజు చదువుకుని, బెల్లం వేసిన నల్ల టీ తాగి, మనవడిదీ మనవరాలిదీ రెండు సంచులూ పట్టుకుని వీధి చివర బీరాన్ కొబ్బరి కొట్టుకి వెళ్ళాలి. అక్కడి కాటా మీద వాటిని తూయించాలి. ఎండ ఎక్కకముందే ఇంటికొచ్చి సంచుల మూతులు కుట్టేయాలి. విమానం శనివారం ఉదయం, కరిపూర్‌లో. మిగిలిన రెండు రోజులూ వసారాలో తీరిగ్గా కూర్చుని కోడలికి జాగ్రత్తలు చెప్పుకోవచ్చని ఆమె ఆశ.

ఇదంతా సెల్‌ఫోన్లు రాకముందు మాట. కేరళ తీరాన తానూర్‌లో, మా వీధిలో అప్పుడు ప్రతి రెండో ఇంటి నుంచీ ఒక మనిషి గల్ఫ్‌లో ఉండేవాడు. ప్రతి ఇంట్లోనూ ఒక టేప్ రికార్డరు ఉండేది. ఇయ్యాత్తుమ్మ కొడుకు సైదలవి షార్జాలో ఒక బేకరీలో రొట్టెలు కాల్చేవాడు. రెండేళ్ళకోసారి వచ్చే మనిషి, ఈసారి సెలవు దొరక్క మూడేళ్ళయినా రాలేకపోయాడు. చివరికి బడి సెలవుల్లో రెండు నెలలు ఉండి వెళ్ళమని భార్యాపిల్లలకే కాగితాలు పంపాడు. భార్య రైహానత్ అప్పటిదాకా కోళికోడ్ దాటి ఎరగదు. కొడుకు నసీఫ్‌కి పదేళ్ళు. విమానాల గురించి తనకి తెలియనిది లేదని అతని నమ్మకం.

కూతురు షమ్లకి ఆరు నిండబోతున్నాయి. ఉప్ప, అంటే నాన్న, వెళ్ళేనాటికి దానికి మూడు. అందుకని దానికి ఉప్ప అంటే నెలకోసారి క్యాసెట్‌లోంచి వచ్చే గొంతు. ఆ గొంతు "షమ్ల మోళే", అంటే షమ్లా బిడ్డా అని, ముద్దుగా పిలిచి కాసేపు ఆగేది. షమ్ల టేప్ రికార్డరుకి దగ్గరగా వంగి "ఊఁ" అనేది. అప్పుడు గొంతు మళ్ళీ మొదలయ్యేది. తండ్రీకూతుళ్ళ పరిచయం అంతవరకే. ఆ గొంతుకి ముఖం ఎలా ఉంటుందో చూడాలని పిల్ల ఆ ఏప్రిల్ నెలంతా వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది. ఫొటోలు ఉన్నాయి గానీ, వాటిలో ఆయన ఎవరిదో కారు పక్కన, ఎండకి కళ్ళు మూసుకుని ఉండేవాడు.

పెద్ద అట్టపెట్టెలు రెండూ అప్పటికే నిండిపోయి, నైలాన్ తాళ్ళు బిగించుకుని, మీద సైదలవి పేరు రాయించుకుని వసారాలో కూర్చున్నాయి. మిగిలింది చేతి సంచులు. తలకి ఏడు కేజీలు. పిల్లలకి టికెట్టు ఉంటే పిల్లలకీ ఏడేసి కేజీలు ఉంటాయన్న సంగతి ఎలా పొక్కిందో గానీ, సోమవారం సాయంత్రానికల్లా వీధంతా పాకింది. మంగళవారం నుంచి పొట్లాలు రావడం మొదలైంది.

ఎవరైనా గల్ఫ్‌కి వెళ్తున్నారంటే వీధిలో ప్రతి ఇంటివాళ్ళూ తమ మనిషికి ఒక పొట్లం పంపాలి. కాదనడం ఉండదు. సైదలవి పన్నెండేళ్ళుగా అక్కడ తిన్న ఆవకాయలూ అరటి చిప్సూ అన్నీ ఇంకొకళ్ళ సంచుల్లో వెళ్ళినవే కదా. మోసుకెళ్ళేవాడు దారిలో రెండు ముక్కలు రుచి చూసేవాడు, అదీ మామూలే. బీరాన్ దాన్ని తరుగు అనేవాడు. కొబ్బరి ఎండితే బరువు తగ్గినట్టు, పొట్లం ప్రయాణం చేస్తే తగ్గుతుందట. దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. కానీ ఇచ్చిన పొట్లం వెనక్కి రావడం మాత్రం తీరని అవమానం. ఎప్పుడో ఒకరి చేపల పచ్చడి వెనక్కి వచ్చినందుకు రెండిళ్ళవాళ్ళు ఎనిమిదేళ్ళపాటు ఒకరింటి పెళ్ళి బిరియానీ ఇంకొకరు ముట్టలేదు.

ఇయ్యాత్తుమ్మ వీధంతా ఇత్తా, అంటే అక్కా, అని పిలిచే తెలివైన మనిషి. గుమ్మంలో ఒక కొబ్బరికాయ వేలాడదీసింది.

"దీనికన్నా పెద్ద పొట్లం ఎవరిదైనా సరే, లోపలికి రాదు" అని చెప్పింది.

పక్కింటి కుంజీబి తన మొగుడికోసం లేత మామిడికాయ పచ్చడి జాడీ తెచ్చి, కొబ్బరికాయ పక్కన పెట్టి చూసుకుంది. "మీ కాయ బక్కది ఇత్తా. మా చెట్టు కాయ తెస్తా, దాంతో కొలవండి" అంది.

"మీ చెట్టు కాయతో కొలిస్తే నిన్నే పొట్లం కట్టి నీ మొగుడి దగ్గరికి పంపొచ్చు. పెట్టు, పెట్టు."

కుంజీబి జాడీ పెట్టేసి, గడప మీద కూర్చుని అరటిపండు మిఠాయి, ఉన్నక్కాయ, తింటున్న షమ్ల బుగ్గలు రెండూ పుణికింది. "అరటిపండులో కొబ్బరి కూరి వేయించినట్టుంది పిల్ల. వీళ్ళ ఉప్ప దీన్ని ఎత్తుకోగలడా అసలు?" అంది. ఆ మాట తర్వాత పనికొస్తుందని అప్పుడెవరికీ తెలియదు. ఎదురింటి నారాయణి అజ్మాన్‌లో ఉన్న తమ్ముడికి కాచిన నూనె సీసా తెచ్చింది. మూలింటి కొత్త కోడలు సుహర ఒక క్యాసెట్ తెచ్చింది. పెళ్ళయిన ఇరవై రోజులకే మొగుడు దుబాయ్ వెళ్ళిపోయాడు. చెప్పాలనుకున్నదంతా ఆ క్యాసెట్‌లో చెప్పి, జేబురుమాలులో చుట్టి, తలమీది తట్టం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏమీ మాట్లాడకుండా ఇచ్చి వెళ్ళింది.

బుధవారం బీరాన్ కొట్టులో జరిగింది ఇదీ. ఆ కాటా బస్తాలు తూచే కాటా. గడియారం లాంటి పెద్ద ముఖం, దానిలో ఒక ముల్లు. పదికేజీల లోపు బరువు పెడితే ముల్లు బద్ధకంగా అక్కడే ఉండిపోయేది. అందుకని చిన్న బరువులకి బీరాన్ దగ్గర ఒక పద్ధతి ఉంది. మనిషిని ఎక్కించి ఒకసారి, సంచీ తగిలించి ఇంకోసారి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే సంచీ బరువు తేలుతుంది. అంతకుముందు రోజు అటు ఆడుకోవడానికి వచ్చిన షమ్లని సరదాకి తూచి ఉన్నాడు కాబట్టి మొదటి తూకం అక్కర్లేదనుకున్నాడు. పొట్లాలు సర్దిన సంచీని పిల్లకి తగిలించి నేరుగా కాటా ఎక్కించాడు.

"ఇరవై ఎనిమిది" అన్నాడు బీరాన్, ముల్లుకేసి చూస్తూ.

"ఎంతుండాలి?" అంది ఇయ్యాత్తుమ్మ.

"ఏడు. ఎక్కువైంది, తగ్గించాలి. ఎయిర్‌పోర్టులో వాళ్ళు చుట్టాల్లా చూడరు ఇత్తా. ఎక్కువున్నది తీసి గాజుతలుపు బయట పెట్టేస్తారు."

నిన్నటి పందొమ్మిదిని బీరాన్ మనసులోనే తీసేశాడు. ఇయ్యాత్తుమ్మ కూడా మనసులోనే, సంచీ తొమ్మిదుంది, రెండు తీయాలి అనుకుంది. ఆ తీసివేత గట్టిగా ఎవరూ చేయలేదు. కాటా మీద నిలబడి ఉన్న షమ్లకి అర్థమైంది ఒకటే. ఇరవై ఎనిమిది ఉన్నాను, ఏడు ఉండాలి, ఎక్కువైతే గాజుతలుపు బయట పెట్టేస్తారు.

ఇంటికి వచ్చే దారిలో అన్నని మెల్లగా అడిగింది. "ఇక్కా, ఇరవై ఎనిమిది ఏడవ్వాలంటే ఎంత తగ్గాలి?"

నసీఫ్‌కి దాని భయం వెంటనే తెలిసిపోయింది. అన్న అన్నవాడు ఇలాంటి అవకాశం వదులుకోడు. "ఇరవై ఒకటి" అన్నాడు. "ఉప్ప వెళ్ళినప్పటి పనసపండు గుర్తుందా? అలాగే."

గుర్తుండకేం. దానికి ఉప్ప ముఖం కన్నా ఆ పనసపండే బాగా గుర్తు. మూడేళ్ళ కిందట కరిపూర్‌లో ఉప్ప లోపలికి వెళ్ళిపోయాక, బరువు ఎక్కువైందని తీయించేసిన ఆ పండు అద్దాల తలుపు ముందు నేలమీద ఒంటరిగా మిగిలింది. వల్యుమ్మ, అంటే నానమ్మ, దాని పక్కన కూలబడి ఏడ్చింది. తిరిగొచ్చేటప్పుడు జీపులో అది షమ్ల కాళ్ళ దగ్గర దొర్లుతూ వచ్చింది. ఇంటికొచ్చాక దాన్ని కోసి తినడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు.

షమ్ల ఏడవలేదు. ఆలోచించింది. కడుపులోకి పోయేవి మానేస్తే కొంత తగ్గుతుంది, సంచీలోవి తీసేస్తే కొంత తగ్గుతుంది. శనివారం దాకా టైముంది. ఆరేళ్ళ పిల్లకి ఇంతకన్నా మంచి ఆలోచన ఎవరికీ రాదు.

ఆ మధ్యాహ్నం బియ్యప్పిండి పత్తిరీ, కోడికూరా వద్దంది. సాయంత్రం ఉన్నక్కాయ వద్దంది. ఉన్నక్కాయ వద్దనడం ఆ పిల్ల పుట్టాక అదే మొదటిసారి. ఇయ్యాత్తుమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"కళ్ళు పడ్డాయి" అంది. "ఆ కుంజీబి నిన్న బుగ్గలు పుణికి ఏమందో విన్నావా? పిల్లని ఎత్తుకోలేడట వాడు."

"ముద్దుకి అంది ఉమ్మా" అంది రైహానత్.

"ముద్దుకి అన్నవే ఎక్కువ తగుల్తాయి. ఎండుమిరపకాయలు తే."

ఉప్పూ మిరపకాయలూ పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఒక్కరికీ దగ్గు రాలేదు. మిరపకాయలు నిరుటివి, ఘాటు ఎప్పుడో చచ్చిపోయింది అని రైహానత్ చెప్పబోయింది గానీ, అత్త చేతిలో గరిట చూసి ఊరుకుంది. దిష్టి తీసిన సంగతి పనమ్మాయి చెవిన పడింది. పనమ్మాయి చెవి నుంచి కుంజీబి చెవికి మధ్య దూరం ఒక పెరటిగోడ.

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా కునుకు తీస్తున్నప్పుడు షమ్ల సంచీ విప్పింది. అది మంచి పిల్ల, ఒకరి వస్తువు పారేయడం దానికి తెలియదు. పచ్చడి జాడీని రెండు చేతులా పట్టుకుని పెరటిదారిన వెళ్ళి కుంజీబి గడప మీద పెట్టి వచ్చింది. నూనె సీసాని నారాయణి తులసి అరుగు మీద నిలబెట్టింది. జేబురుమాలులో చుట్టిన క్యాసెట్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. క్యాసెట్ అంటే దానికి చాలా గౌరవం. చేతిలో పెట్టి ఊపి చూసింది. బరువున్నట్టు లేదు. కానీ లోపల చాలా మాటలు ఉన్నాయి కదా, అవెంత తూగుతాయో ఎవరికి తెలుసు? దాన్నీ తీసుకెళ్ళి సుహర కిటికీలో పెట్టింది.

అదే మధ్యాహ్నం ఇంకో రెండు సంగతులు జరిగాయి. ఇయ్యాత్తుమ్మ ఎవరికీ చెప్పకుండా ముందు రోజే ఆ సంచీలో ఒక కొబ్బరినూనె సీసా దూర్చింది, కొడుక్కి అక్కడి నూనె పడదని. రైహానత్ అది చూసి, ఎవరికీ చెప్పకుండా తీసి వంటింట్లో పెట్టేసింది. సాయంత్రం ఇయ్యాత్తుమ్మ వంటింట్లో తన సీసాని తనే చూసి పళ్ళు నూరింది. ఏమీ అనలేదు. అనకుండా కడుపులో దాచుకున్న కోపం రాత్రంతా దాచుకున్నకొద్దీ పెరిగింది.

శుక్రవారం జుమా నమాజు నుంచి మగవాళ్ళు ఇళ్ళకి చేరేవేళకి, ముగ్గురు ఆడవాళ్ళు మూడు వైపుల నుంచీ ఇయ్యాత్తుమ్మ వాకిట్లోకి వచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ వాళ్ళ వాళ్ళ పొట్లాలు ఉన్నాయి.

"నా కళ్ళు మంచివి కావు, ఒప్పుకుంటా" అంది కుంజీబి. "నా మామిడికాయకి కూడా కళ్ళున్నాయా ఇత్తా? దాన్నెందుకు గెంటేశారు?"

"నూనె కారుతుందంటే ఇంకో సీసాలో పోసిచ్చేదాన్ని" అంది నారాయణి. "మీ సైదలవి జ్వరానికి మా తమ్ముడు మూడు రోజులు పక్కన కూర్చున్నాడు. మాట చెప్పి తిప్పి పంపితే పోయేది. దొంగచాటుగా తులసి దగ్గర పెట్టి పోవడమేంటి?"

సుహర జేబురుమాలు పట్టుకుని నిలబడింది. అందరూ ఆమెకేసే చూసేసరికి, "నా మాటలు బరువయ్యాయా ఇత్తా?" అంది. ఆ ఒక్క ప్రశ్నకి మిగతా ఇద్దరి కోపాలూ చిన్నవైపోయాయి. ఆ రోజుల్లో మాటలు నిజంగానే సంచీలో వెళ్ళేవి. ఎవరో ఒకరు మోస్తేనే చేరేవి. ఇప్పుడు తలచుకుంటే, అంత కష్టపడి చేరిన మాటలు కాబట్టే జనం వాటిని అన్నిసార్లు వెనక్కి తిప్పి వినేవారేమో అనిపిస్తుంది.

ఇయ్యాత్తుమ్మ షమ్ల సంచీ తెచ్చి బోర్లించింది. పిల్ల గౌన్లు నాలుగూ, ఒక చెప్పుల జతా పడ్డాయి.

"రైహానా" అంది, కోడలి వైపు తిరిగి. "నా నూనె సీసా తీశావు, ఊరుకున్నాను. ఊరివాళ్ళవి కూడా తీస్తావా?"

"సీసా తీసింది నేనే ఉమ్మా. మిగతావి నేను ముట్టుకోలేదు. మీరే తీశారనుకుంటున్నా."

"నేనా? నేనెందుకు తీస్తాను?"

"పనసపండు పట్టడానికి."

 పెరట్లో గోనెసంచీ కప్పి ఒక చిన్న పనసపండు మూడు రోజులుగా ముగ్గుతున్న సంగతి కోడలికి తెలుసని ఇయ్యాత్తుమ్మకి తెలియదు. తెలిసిపోయాక ఇక ఆమెకి ఒకటే దారి మిగిలింది.

"నాకీ ప్రయాణమే వద్దు" అంది. "దొంగదన్న పేరు మోసుకుని నా కోడలూ మనవలూ ఎక్కడికీ పోరు. వాడికి టెలిగ్రాం కొట్టిస్తాను. బీరాన్ని పిలవండి."

అంతవరకూ గుమ్మం వెనక నిలబడి వింటున్న షమ్ల ఆ మాట విన్నాక అక్కడ లేదు. ఆ సంగతి ముందుగా గమనించింది రైహానత్. గదుల్లో చూశారు, పెరట్లో చూశారు, బావి గట్టు చూశారు. కుంజీబి పచ్చడి జాడీ చంకన పెట్టుకునే మూడు ఇళ్ళు వెతికి వచ్చింది. నారాయణి తన సీసా కింద పెట్టడం మర్చిపోయి, సముద్రం వైపు పరుగెత్తింది. తగాదాకి వచ్చిన వాళ్ళందరూ పొట్లాలతో సహా పిల్లని వెతుకుతున్నారు. నసీఫ్ మాత్రం ఒక్కడే కదలకుండా వసారాలో అట్టపెట్టె మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల దూర్చుకున్నాడు.

"ఏరా, చెల్లెలెక్కడ?" అని రైహానత్ భుజం పట్టి ఊపింది.

"కాటా దగ్గరుంటుంది" అన్నాడు. తర్వాత మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు, పనసపండుతో సహా.

అందరూ వెళ్ళేసరికి షమ్ల బీరాన్ కొట్టులో బస్తాల కాటా మీద నిలబడి ఉంది. చెప్పులు విప్పేసింది, చెవి పోగులు తీసి పక్కన పెట్టింది, కాలి పట్టాలు కూడా. ముల్లు పద్దెనిమిదిన్నర దగ్గర ఉంది. పిల్ల దానికేసి చూస్తూ నిశ్శబ్దంగా ఏడుస్తోంది. బీరాన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఏం చేయాలో తోచక.

"రెండ్రోజులు ఏమీ తినలేదు ఉమ్మా" అంది షమ్ల, తల్లిని చూసి. "అరకేజీయే తగ్గానట. ఏడు అవ్వను. మీరు వెళ్ళండి. నేను వల్యుమ్మతో ఉంటా. ఉప్పకి చెప్పండి, క్యాసెట్ పంపమని."

ముందు నవ్వింది కుంజీబి. నవ్వు సగంలో ఉండగానే ఏడుపైపోయింది. జాడీ కొబ్బరిబస్తా మీద పెట్టి పిల్లని గుండెలకి అదుముకుంది. "నా కళ్ళు పేలిపోనూ. నీ బుగ్గలు సగమయ్యాయి కదే" అంది. ఇయ్యాత్తుమ్మ కాటా పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. రైహానత్ పిల్ల కాళ్ళు రెండూ పట్టుకుని పట్టాలు మళ్ళీ తొడిగింది.

తప్పు తనదే కాబట్టి దిద్దాల్సింది తనే అనుకున్నాడు బీరాన్. "తూచేది సంచీని అమ్మా, మనిషిని కాదు. మొన్న తీసివేత నేను మనసులో చేశాను. గట్టిగా చేసి ఉండాల్సింది. ఒట్టు."

షమ్ల కళ్ళు తుడుచుకుని ఆయన్ని పరీక్షగా చూసింది. "మీరు ఎయిర్‌పోర్టువాళ్ళా?"

"కాదు."

"మరి మీకెలా తెలుసు?"

ముప్ఫై ఏళ్ళుగా తానూర్‌లో బీరాన్ తూకాన్ని ఎవరూ శంకించలేదు. 

పొట్లాల సంగతి తేలడానికి సాయంత్రమైంది. వచ్చినప్పుడు ముగ్గురూ పొట్లాలు తీసుకోవాల్సిందేనని వచ్చారు. ఇప్పుడు ముగ్గురూ తీసుకోవద్దని పట్టుబట్టారు. పిల్ల సంచీలో పిల్ల బట్టలే వెళ్ళాలన్నారు. ఇయ్యాత్తుమ్మ ఒక్కొక్కరి గడపకీ వెళ్ళి, గడ్డం పట్టుకుని బతిమాలి, పచ్చడీ నూనే తిరిగి తెచ్చుకుని నసీఫ్ సంచీలో సర్దింది. "చెల్లెల్ని బెదిరించినందుకు బరువంతా నువ్వే మోయి" అంది. సంచీ మూతి తనే స్వయంగా, పెరట్లో కూర్చుని కుట్టింది. క్యాసెట్ మాత్రం షమ్ల తీసుకుంది. జేబురుమాలు విప్పి, తన గౌను మధ్యలో పెట్టి మళ్ళీ చుట్టింది. "ఇది నేనే ఇస్తా ఇత్తా. నేను ఎక్కితే" అని సుహరకి చెప్పింది.

కుంజీబి వేడి ఉన్నక్కాయలు తెచ్చి నోటి దగ్గర పెట్టింది. షమ్ల పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. ఎయిర్‌పోర్టువాళ్ళు చెప్పేదాకా తినదట. ఇంక ఎవరూ దాన్ని మార్చలేకపోయారు. ఉన్నక్కాయలు కాగితంలో చుట్టి రైహానత్ తన సంచీలో వేసుకుంది.

శనివారం కరిపూర్‌లో అద్దాల తలుపు దగ్గర ఇయ్యాత్తుమ్మ ఆగిపోవాల్సి వచ్చింది. టికెట్టు లేనివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. షమ్ల వెనక్కి తిరిగి చూసి, తలుపు ముందు నేలమీద పనసపండు ఉండిన చోటు ఏదో వెతుక్కుంది. "వల్యుమ్మా, నేను బయటికి వచ్చేస్తే ఇక్కడే ఉంటావా?" అంది. ఇయ్యాత్తుమ్మ ఉంటానంది. విమానం పైకి లేచేదాకా ఉంటానంది. 

కౌంటర్ దగ్గర మీసం నెరిసిన ఉద్యోగి ఒకాయన కూర్చున్నాడు. షమ్ల సంచీ తూచాడు. నాలుగు. పక్కకి జరపమన్నాడు. సంచీ దిగింది గానీ, దాని చోట్లో షమ్ల ఎక్కి నిలబడింది. చేతులు పక్కలకి అతికించుకుని, ఊపిరి బిగబట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది. వెనక వరుసలో వాళ్ళు మెడలు సాచారు. రైహానత్ సిగ్గుతో వంగి, ఆ పెద్దమనిషికి జరిగిందంతా నాలుగు మాటల్లో చెప్పింది.

ఆయన నవ్వలేదు. ఆయనకీ ఎక్కడో ఇలాంటి ఎదురుచూపు తెలిసే ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకుని అంకె చూశాడు. "పద్దెనిమిదీ ముప్పావు" అన్నాడు గంభీరంగా. "ఎక్కడికి?"

"ఉప్ప దగ్గరికి."

"ఉప్ప దగ్గరికి వెళ్ళే పిల్లలకి ఇరవై దాకా వదుల్తాం. ఇంకా ఒకటింపావు ఖాళీ ఉంది నీకు. సరిగ్గా తినట్లేదా?"

చేతి సంచులకి కట్టే అట్టముక్క ఒకటి తీసి, ముద్ర కొట్టి, దారంతో షమ్ల మణికట్టుకి కట్టాడు. షమ్ల కళ్ళు తెరిచింది. అట్టముక్కని ఒకసారి, ఆయన్ని ఒకసారి చూసింది. తర్వాత తల్లి సంచీలోకి చెయ్యి పెట్టి కాగితం పొట్లం వెతికి తీసింది. కౌంటర్ ముందే మూడు ఉన్నక్కాయలు తినేసింది.

తర్వాత నసీఫ్ సంచీ ఎక్కింది. పదకొండు. ఉద్యోగి తల అడ్డంగా ఊపాడు. నాలుగు కేజీలు బయట పెట్టాలన్నాడు. రైహానత్ కుట్లు విప్పి చూస్తే పచ్చడి జాడీకీ నూనె సీసాకీ అడుగున, నసీఫ్ చొక్కాల్లో బిడ్డలా చుట్టుకుని, చిన్న పనసపండు పడుకుని ఉంది. సరిగ్గా నాలుగు కేజీలు.

"ఇక్కా" అంది షమ్ల, నోట్లో ముద్దతోనే. "నువ్వు కూడా ఎక్కి తూయించుకో. ఎందుకైనా మంచిది."

నసీఫ్ పనసపండుని రెండు చేతులా ఎత్తుకుని, వరుసలో ఉన్న జనమంతా చూస్తుండగా అద్దాల తలుపు దాకా నడిచాడు. అవతల ఇయ్యాత్తుమ్మ నిలబడే ఉంది. మనవడి చేతుల్లోంచి పండు అందుకుని, గుండెకి ఆనించుకుని, ఏడుస్తూ నవ్వింది. తిరిగి ఊరు చేరాక ఆమె దాన్ని ఈసారి దాచలేదు. పెరట్లో కోసి వీధంతా పంచింది. కుంజీబికి పెద్ద ముక్క వెళ్ళింది.

విమానంలో షమ్ల తన భోజనం తింది, తల్లి సగం వదిలేసినదీ తింది, కిటికీ సీటు దొరికిన ఆనందంలో నసీఫ్ మర్చిపోయిన కేకూ తింది. షార్జాలో దిగి బయటికి వచ్చేసరికి కటకటాల అవతల చాలామంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరికీ మీసాలున్నాయి. అందరూ ఎవరికోసమో మెడలు సాచి చూస్తున్నారు. షమ్ల ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ నడిచింది. ఏదీ గుర్తు రాలేదు. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"షమ్ల మోళే" అంది ఒక గొంతు. అని కాసేపు ఆగింది.

షమ్ల ఆగిపోయి, "ఊఁ" అంది.

తర్వాత సైదలవి వచ్చి కూతుర్ని ఎత్తుకున్నాడు. మూడేళ్ళలో ఎంత మారిందో చూసుకుంటూ, ఏ తండ్రయినా అనే మాటే అన్నాడు. "అబ్బో, ఎంత బరువెక్కిపోయావే."

పిల్ల ముఖం ఒక్కసారిగా మారిపోయింది. గబగబా చెయ్యి చాపి, మణికట్టుకి కట్టిన అట్టముక్క ఆయన కళ్ళ ముందు పెట్టింది. "తూచే పంపారు ఉప్పా. ముద్ర కూడా ఉంది. వెనక్కి పంపడానికి వీల్లేదు" అంది. సైదలవికి ఏమీ అర్థం కాలేదు. భార్యకేసి చూస్తే ఆమె తట్టం కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆయన కూతుర్ని కిందికి దింపకుండానే బస్సు దాకా నడిచాడు. సుహర క్యాసెట్ వారం తిరక్కుండా దుబాయ్ చేరింది. షమ్లే స్వయంగా ఇచ్చింది. అట్టముక్కని మాత్రం ఆ రెండు నెలలూ స్నానానికి కూడా విప్పనివ్వలేదు.

మా వీధి నుంచి గల్ఫ్‌కి వెళ్ళిన పొట్లాలు లెక్కలేనన్ని. తరుగు పోకుండా చేరినవే తక్కువ, దారిలో బరువు పెరిగి చేరింది షమ్ల ఒక్కటే.